పొగయు, గుండెయు

1952వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన లండను నగరమును దట్టమైన పొగమంచు క్రమ్మినది. నేలనంటిన చల్లని గాలిపై వెచ్చని గాలి మూతవలె నిలిచెను. ఇండ్లలోను, విద్యుత్కేంద్రములలోను మండిన బొగ్గుపొగ పైకి పోవు దారిలేక 9వ తేదీవరకు వీధులలోనే నిలిచిపోయినది. దానివలన సుమారు 4,000 మంది అధికముగా మరణించిరని నాడు లెక్కకట్టిరి. తరువాతి నెలలను గూడ కలిపి 2001లో మరల గణించినవారు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని తెల్పిరి.

1956లో బ్రిటిషు పార్లమెంటు పరిశుద్ధ వాయు చట్టమును చేసినది. కాని పొగ అనగానే అందరును తలచినది ఊపిరితిత్తులనే. మృతులలో హృద్రోగులును ఉండిరన్న సంగతి వెనుకబడెను. పైగా, ఐదురోజుల విపత్తును గుర్తించుట సులభము. స్వల్పమైన మాలిన్యమునే ఏండ్ల తరబడి పీల్చినవారి గతి యేమి?

దీనిని తెలిసికొనుటకై అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1970వ దశకమున ఆరు నగరములనెన్నుకొని, 8,111 మంది వయోజనులను 14 నుండి 16 సంవత్సరములపాటు గమనించిరి. ఫలితములు 1993లో వెలువడినవి. పొగత్రాగు అలవాటు మున్నగు భేదములను సరిచేసి చూచినను, అతిమలినమైన స్ట్యూబెన్‌విల్ నగరమున మరణముల రేటు, నిర్మలమైన పోర్టేజి కంటె 26 శాతము హెచ్చుగా నుండెను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులవలని మరణములకును, గాలిలోని సూక్ష్మరేణువులకును సంబంధము కనబడినది.

ఈ రేణువులు 2.5 మైక్రానులకు మించవు. తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ఇవి ఊపిరితిత్తులలోని చిట్టచివరి గాలితిత్తులను చేరి వాపును కలిగించును. ఆ ప్రభావము రక్తముద్వారా దేహమంతటను వ్యాపించును. నాడీమండలము కలతజెంది రక్తనాళములు ముడుచుకొనును. ఇరుకైన నాళములలోనికి రక్తమును నెట్టుటకు గుండె ఎక్కువ శ్రమపడవలెను; రక్తపోటు పెరుగును. ఏండ్లు గడచినకొలది ధమనుల గోడలు గట్టిపడి, వానిలో క్రొవ్వు పేరుకొని, గుండెపోటునకు దారితీయును. సూక్ష్మరేణువులు హృద్రోగమునకు కారణమేయని అమెరికా హృద్రోగ సంఘము 2010లో ప్రకటించినది.

హైదరాబాదు సమీపమునందలి 28 గ్రామములలో 5,531 మందిని పరీక్షించిన ఫలితములు 2019లో ప్రకటితమైనవి. రేణువులు హెచ్చుగానున్న చోట్ల స్త్రీలలో రక్తపోటు హెచ్చుగా నుండుట కనబడినది. కనుక ఈ సమస్య పెద్ద నగరములకే పరిమితము కాదు.

ఘనపుమీటరు గాలిలో సూక్ష్మరేణువులు సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించినది. విద్యార్థులు తమ ఊరి లెక్కను దీనితో పోల్చి చూడవచ్చును.