కర్నూలు–కడప బాట: ఎవరి కూలి, ఎవరి రవాణా?

రోడ్డు వస్తే నాగరికత వస్తుందని మన పాఠ్యపుస్తకాలు చెబుతూనే వున్నాయి. అందులో సగం నిజం వుంది. మిగిలిన సగం తెలియాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఆ రోడ్డు ఎవరి కూలితో పడింది? దానిమీద ఏ సరుకు, ఎవరికోసం సాగింది?

1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాడు. కర్నూలు నవాబు రాజ్యం 1839లో దాని వశమైంది. దొరలకు బాటలు కావలసింది మొదట సైన్యానికీ, శిస్తుకూ. రైతుకు కావలసింది నీరు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువను సైతం సాగుతోబాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించారు. లాభం గిట్టలేదు, 1882లో ప్రభుత్వమే దాన్ని కొన్నది.

ఈ మధ్యలోనే 1876–78 నాటి ధాత కరువు వచ్చింది. కరువు పనులంటే చాలచోట్ల కంకర కొట్టడం, మట్టి మోయడం, బాటలు వేయడం. 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ దొర మగకూలి రోజు బత్తాన్ని ఒక పౌను ధాన్యం వెలకూ, పైన కొద్దిపాటి చిల్లరకూ కుదించాడు. ఆ తిండితో పనిచేసే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. బాట వున్నంతమాత్రాన అన్నం రాదని ఆ కరువు రుజువు చేసింది. మేతలేక ఎడ్లు చచ్చాక బండి కదలలేదు. వచ్చిన గింజను కొనడానికి కూలివాడి చేతిలో కాసు లేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1తో ఆ ముచ్చట తీరింది. కచేరీలు హైదరాబాదు పోయాయి; వాటి వెనుకనే చదువుకున్నవాడూ పోయాడు.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే 18వ నంబరు జాతీయ రహదారి 2010లో 40వ నంబరయింది. నాలుగు వరుసలయింది, టోలుగేట్లు వెలిశాయి. పొద్దున్నే ఉద్యోగులూ, విద్యార్థులూ దానిమీదనే పట్నం చేరుతున్నారు. ఈ సౌకర్యాన్ని కాదనడం మూర్ఖత్వం. కాని ఆదోని, కోసిగి వైపు ఊళ్లనుంచి సుగ్గికని పిల్లాపాపలతో బయలుదేరే కుటుంబానికి రోడ్డు ఊరు విడిచే దారి మాత్రమే.

నాడు కరువు కూలీ ఆకలితో బాట వేశాడు. నేడు అతని సంతతి ఆ సీమ బాటలమీదనే పనికోసం పోతున్నది. రోడ్డు వెడల్పయింది, చేనికి నీరు రాలేదు. ఈ రెంటినీ కలిపి లెక్కగట్టనిదే రాయలసీమ అభివృద్ధి చరిత్ర పూర్తికాదు.