సున్నం కాల్చిన కంట్లో వెద సేద్యం

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో పంట తీశాక నీళ్లు వదిలేసి గుంట ఎండగడతారు. అడుగు బీటలు వారాక సున్నం చల్లుతారు. మట్టిలో పులుపు విరగడానికి, రోగాల బెడద తగ్గడానికి చౌకైన మందు అదే. గాలివాలు చూసుకుని చల్లాలి. సముద్రపు గాలి మాత్రం మనిషి చెప్పినట్టు వినదు, సున్నాన్ని తెచ్చి కంట్లో కొడుతుంది.

ఆసిడ్ కన్నా సున్నం కంటికి పెద్ద శత్రువు. ఆసిడ్ తగిలినచోట మాంసకృత్తులు గడ్డకట్టి, ఆ గడ్డే కొంత అడ్డుగా నిలుస్తుంది. సున్నం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది. పడ్డ క్షణమే, ఉన్నచోటే, దొరికిన మంచినీళ్లతో అరగంట దాకా కడగాలి. రెప్పల కింద ఇరుక్కున్న పలుకులు తీయించాలి. ఆసుపత్రికి బండి వెతకడం ఆ తర్వాతే.

నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొర కార్నియా. దాని మీది కణాలు వారం పదిరోజుల్లో రాలి కొత్తవి వస్తుంటాయి. ఆ కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు నుంచేనని 1971లో డవాంగర్, ఎవెన్సెన్ ఊహించారు. ఆ కొత్తవాటిని పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడేనని 1980లలో న్యూయార్క్‌లోని టుంగ్-టియెన్ సన్ బృందం చూపించింది. ఆ అంచు కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా లోపలికి పాకుతుంది, చూపు మూసుకుపోతుంది. దానమిచ్చిన కార్నియా తెచ్చి కుట్టినా నిలవదు. దాని పైపొర రాలాక మళ్లీ కప్పే కణాలు ఆ కంట్లో లేవు కదా.

1989లో కెన్యన్, సెంగ్ మంచి కంటి అంచు నుంచి పెద్ద ముక్కలు కోసి చెడ్డ కంటికి అతికారు. పని జరిగింది గానీ మిగిలిన ఒక్క కంటినీ పణంగా పెట్టినట్టయింది. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని, డి లూకా చిన్న ముక్క మాత్రమే తీసి, కణాలను లాబులో పెంచి ఇద్దరికి అమర్చారు. వాటిని పెంచడానికి అడుగున ఎలుక కణాలు పరవాల్సి వచ్చింది.

హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001లో ఈ పనికి పూనుకుంది. ఆపరేషన్లు వీరేందర్ సంగ్వాన్ చేసేవారు, కణాలు పెంచే బాధ్యత గీతా వేముగంటిది. పరిశోధనకు పెద్దదిక్కు, అంతకుముందు కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీని నడిపిన డి. బాలసుబ్రమణియన్. వీళ్లు ఎలుక కణాలను పక్కన పెట్టారు. కాన్పులో మాయతో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొరను శుద్ధిచేసి, దాని మీద రోగి కంటి ముక్కను పెట్టి, రోగి రక్తం నుంచి తీసిన సీరంతోనే పెంచారు. రెండు వారాలకు పొర అల్లుకునేది. అలా 200 మందికి చేసిన పదేళ్ల ఫలితాలను 2011లో ప్రచురించారు. 71 శాతం మందిలో కార్నియా నిలిచింది.

మన భాషలో చెప్పాలంటే ఇది నారుపోసి నాటిన సేద్యం. నారుమడికయ్యే ఖర్చే అసలు బరువు: దుమ్ముకణం దూరని గది, తర్ఫీదైన మనుషులు, రోగికి రెండుసార్లు ఆపరేషన్. దెబ్బ తగిలేదేమో సున్నం పనిలో ఉన్న కూలీలకు, ఆకువక్క సున్నం పొట్లాన్ని నొక్కి ఆడుకునే పిల్లలకు.

2010లో సంగ్వాన్, సయన్ బసు నారుమడినే ఎత్తేశారు. కణాలు అల్లుకునేది ఉమ్మపొర మీదే అయినప్పుడు, ఆ పొరను నేరుగా కంటి మీదే పరిస్తే సరిపోదా? వెచ్చదనం, తడి, పోషణ అక్కడే ఉన్నాయి. మంచి కంటి నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పున్న ముక్క తీశారు. దాన్ని ఎనిమిదో పదో తునకలు చేసి, చూపు సాగే నడిమధ్య వదిలి, చుట్టూ వెదజల్లినట్టు పేర్చి ఫైబ్రిన్ జిగురుతో అంటించారు. పైన కాంటాక్ట్ లెన్స్. ఒక్క ఆపరేషన్‌తో అయిపోయింది. ఆ పదేళ్లు లాబులో కణాల నడవడి చూసి ఉండకపోతే దాన్ని వదిలే ధైర్యం వీళ్లకు వచ్చేది కాదని నా నమ్మకం.

మొదటి ఆరుగురి ఫలితాలు 2012లో వచ్చాయి, షెఫీల్డ్ శాస్త్రవేత్త షీలా మాక్‌నీల్ కూడా రచయితల్లో ఉన్నారు. ఆరు కళ్లూ ఆరు వారాల్లో కొత్త పైపొర కప్పుకున్నాయి. 2016 నాటికి 125 మంది లెక్క తేలింది, వారిలో 60 మంది పిల్లలు: 76 శాతం సఫలం. స్లెట్ అన్న పేరుతో ఈ పద్ధతి ఇతర దేశాలకూ వెళ్లింది.

అంత చిన్న తునకలో అసలైన మూలకణాలు ఏవి? కణాలను గుంపుగా కాకుండా ఒక్కొక్కటిగా విడదీసి, ఏ జన్యువులు పలుకుతున్నాయో చదివే పద్ధతి వచ్చాకే దీనికి జవాబు దొరకసాగింది. 2021లో న్యూకాసిల్‌లోని మజ్లిండా లాకో బృందం మనిషి కార్నియాకు అలాంటి కణపటం గీసింది.

స్లెట్‌కు ఒక కన్నయినా బాగుండాలి. రెండు కళ్లూ కాలినవారికి ఇతరుల కణాలు పెడితే శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడాలి. ఒసాకాలో కోజి నిషిదా బృందం మామూలు కణాలను మూలకణాల స్థితికి వెనక్కి తిప్పి, వాటి నుంచి కార్నియా పొర తయారుచేసింది. నలుగురికి దాన్ని అమర్చి, రెండేళ్లు కనిపెట్టి ఉండి, తీవ్రమైన హాని ఏదీ కనిపించలేదని 2024లో లాన్సెట్‌లో ప్రకటించింది.