మెరిసే రంగు కింద దారి తప్పే కరెంటు

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్. అక్కడ సందర్శకులు ఎక్కువసేపు నిలబడిపోయేది పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన బండి అది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది.

అందరి కళ్లూ ఆ సింహాసనం మీదే ఉంటాయి. బానెట్ కింద ఉన్న కథ అంతకన్నా గొప్పది.

ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌కు ఆరు సిలిండర్లు, 7,428 సీసీ ఇంజను. ఒక్కో సిలిండర్‌కు రెండేసి చొప్పున మొత్తం 12 స్పార్క్ ప్లగ్గులు. వాటిలో ఆరింటికి నిప్పురవ్వ ఇంజనుతో తిరుగుతూ సొంతంగా కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి, మిగతా ఆరింటికి బ్యాటరీతో పనిచేసే ట్రెంబ్లర్ కాయిల్ నుంచి అందుతుంది. సెల్ఫ్ లేదు. డైనమో లేదు. బ్యాటరీని విప్పి బయట ఛార్జి చేసుకోవాల్సిందే. అయినా రిపేరు చేసేవాడికి ఇంత దయగల బండి మరొకటి ఉండదు. స్విచ్‌ను ఒకసారి మాగ్నెటో వైపు, ఒకసారి కాయిల్ వైపు తిప్పితే లోపం ఏ పక్కన ఉందో బండే చెప్పేస్తుంది. కాయిల్ మీద ఆగిపోయి మాగ్నెటో మీద నడిస్తే బ్యాటరీ, దాని తీగలు, ట్రెంబ్లర్ పాయింట్లు చూడాలి. మాగ్నెటో మీద చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కగానే ఆగి, చల్లారాక మళ్లీ అందుకుంటే మాగ్నెటో లోపలి వైండింగ్‌ను అనుమానించాలి. దాని పాత ఇన్సులేషన్ వేడికి ఓడిపోతుంది.

అదే ప్యాలెస్‌లో ఉన్న 1947 నాటి బ్యూక్ కన్వర్టిబుల్ దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. హెడ్‌లైట్లు, హారన్, సెల్ఫ్ అన్నీ కరెంటు మీదే, అదీ 6 వోల్టుల మీద. 36 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో 3 ఆంపియర్లు తీసుకుంటే ఇక్కడ 6 తీసుకుంటుంది. దారిలో అర వోల్టు పోయినా బల్బు వెలుగు దాదాపు పావు వంతు తగ్గుతుంది. అందుకే ఈ బండ్లకు లావుపాటి కేబుళ్లు వేశారు. కొత్తగా వైరింగ్ చేసేవారు 12 వోల్టుల బండి సెల్ఫ్‌కు వాడే సన్నని కేబుల్ బిగిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్ ఈడుస్తుంది. ఇంకో చిక్కుంది. బ్యూక్‌లో సెల్ఫ్ కొట్టేది యాక్సిలరేటర్ పెడల్‌తో. కార్బురేటర్ మీది చిన్న స్విచ్ జిడ్డు పట్టినా సెల్ఫ్ కదలదు. ఆ సంగతి తెలియనివారు మోటారంతా విప్పేస్తారు.

పునరుద్ధరించిన పాత కార్లను ఎక్కువగా సతాయించేది మాత్రం రంగే. కరెంటు బ్యాటరీ నుంచి తీగలో వెళ్తుంది, తిరిగి వచ్చేది ఛాసిస్ ఇనుము గుండా. బాడీని గీకి, ప్రైమర్ కొట్టి, అద్దంలా పెయింట్ వేశాక లైటు బిగించే చోట ఇనుముకు ఇనుము తగలదు. కరెంటు తిరిగొచ్చే దారి, అంటే ఎర్త్, పోతుంది. ఒక లైటు వేస్తే ఇంకొకటి మసకగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కొట్టుకుంటుంది. ఎన్నో లక్షలు పోసి చేయించిన బండి యజమానికి ఇది నిజంగా గుండెకోత.

ఇక్కడ మీటరు కూడా మోసం చేస్తుంది. బల్బు తీసేసి హోల్డర్‌లో కొలిస్తే తుప్పు పట్టిన జాయింటు దాటి కూడా పూర్తి 6 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు కరెంటు పారడం లేదు. లైటు వెలుగుతుండగా లైటు బాడీకీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య కొలవాలి. మీటరు వోల్టులో పదో వంతుకు మించి చూపిస్తే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టే. బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగిస్తే చాలు. పాత ఉస్తాద్‌లు అసలు మీటరు తీయరు. రెండు తీగలు కట్టిన బల్బు ఒక్కటి పట్టుకుని బండి చుట్టూ తిరుగుతారు. వెలుగును బట్టి చెప్పేస్తారు.

ఏ టెర్మినల్‌ను ఎర్త్ చేయాలన్నది ముందే చూసుకోవాలి. బ్యూక్‌లో నెగెటివ్ ఎర్త్. ఆ కాలపు చాలా బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ తిరగేసి బిగిస్తే డైనమోను బ్యాటరీతో కలిపే, విడదీసే కటౌట్ పాయింట్లు మాడిపోతాయి. డైనమోను విప్పి బాగుచేసిన తరువాత దానికి ధ్రువం నేర్పాలి. బ్యూక్‌లోని డెల్కో రెమీ డైనమో అయితే ఇంజను స్టార్ట్ చేయకముందే రెగ్యులేటర్ మీద బ్యాటరీ టెర్మినల్‌నూ ఆర్మేచర్ టెర్మినల్‌నూ ఒక తీగతో క్షణం పాటు తాకించి తీసేయాలి. ఆ పని మరిచిపోతే డైనమో తప్పు ధ్రువంతో కరెంటు తీయొచ్చు, లేదా అసలు తీయకపోవచ్చు. అప్పుడు కొత్త రెగ్యులేటర్ కొన్నా ఛార్జింగ్ రాదు.