రంగులరాట్నంలో అందరికీ చోటుందా?

ఈవేళ నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, వైద్యం గురించీ కాదు, రంగులరాట్నం గురించి. పిల్లల ఆటకి చరిత్ర ఏమిటని నవ్వకండి. ఆ చరిత్రలో మన ఒళ్లూ, మన సిగ్గూ, ఒక్కోసారి ప్రాణం కూడా ముడిపడి ఉన్నాయి.

సెలవులొస్తే మా అంగలకుదురు నుంచీ, తెనాలి చుట్టుపక్కల ఊళ్ల నుంచీ హైదరాబాదు వెళ్లే పిల్లలు చార్మినారు కంటే ముందు రావిర్యాల వండర్‌లా పార్కు పేరు చెబుతారు. దాన్ని 2016లో తెరిచారు. ఇలాంటి పార్కుల్లో పెద్ద ఆటల ముందు ఒక బోర్డు ఉంటుంది, ఎవరు ఎక్కవచ్చో ఎవరు ఎక్కకూడదో చెబుతూ. పొట్టి పిల్లల్ని ఆపితే కాసేపు ఏడ్చి ఊరుకుంటారు. కానీ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని, ముఖ్యంగా ఒక ఆడమనిషిని, అందరూ చూస్తుండగా “మీకు పట్టదు, దిగండి” అంటే ఆవిడకి ఎలా ఉంటుంది?

మన అట్లతద్ది ఉయ్యాలకి ఈ బాధ లేదు. గట్టి కొమ్మ చూసి మోకు వేసేవారు. ఎక్కేది బరువైన మనిషైతే ఇంకో పేట వేసి, లాగి చూసేవారు. తిరునాళ్లలో నాలుగు తొట్ల కొయ్య రంగులరాట్నం తిప్పేవాడూ అంతే. మనిషిని ఎగాదిగా చూసి, బరువైనవారిని ఎదురెదురు తొట్లలో కూర్చోబెట్టి తూకం సరిచేసుకునేవాడు. లేకపోతే చక్రం తిప్పడం అతనికే కష్టం! మనిషిని బట్టి ఆట సర్దుకునేది.

ఇది చాలా పాత విద్య. 11వ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేరు మీద ఉన్న ‘సమరాంగణ సూత్రధారం’లో యంత్రాల అధ్యాయం ఒకటుంది. అందులో ఐదు రకాల తిరిగే డోలల వర్ణన ఉంది. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1620లో తురుష్క సామ్రాజ్యంలోని ఫిలిప్పోపొలిస్‌లో, అంటే నేటి బల్గేరియాలో, మన తిరునాళ్ల చక్రం లాంటిదే చూసి రాసుకున్నాడు.

తర్వాత ఇనుము వచ్చింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున చక్రం నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. అవి పెట్టెలు కావు, గదులనుకోండి! ఎంత పొడుగువారైనా, ఎంత లావువారైనా లోపల నడిచి కిటికీ దగ్గర నిలబడవచ్చు. అంతకు ముందు 1884లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండులో థాంప్సన్ మొదలుపెట్టిన కొండరైలు గంటకి ఆరు మైళ్లే పోయేది. బల్ల మీద కూర్చుంటే చాలు.

మరి కొలతలు ఎప్పుడొచ్చాయి? వేగం పెరిగి, మనిషిని తలకిందులు చేయడం మొదలయ్యాక. 1975లో కాలిఫోర్నియాలో ‘కార్క్‌స్క్రూ’ అనే రోలర్ కోస్టర్ జనాన్ని రెండుసార్లు తలకిందులు చేసింది. అలాంటి వాటిలో ఒంటిని కుర్చీకి పట్టి ఉంచే కమ్మీ భుజాల మీంచి దిగాలి. ఆ కమ్మీ ఒక హద్దు దాకా దిగి, గడి పడితేనే బండి కదలాలి. పొట్ట గానీ ఛాతీ గానీ అడ్డొస్తే గడి పడదు. నడుము పైభాగం పొడుగైతే కమ్మీ భుజాలని నొక్కేస్తుంది. కాళ్లు పొడుగైతే మోకాళ్లు ముందు తగులుతాయి. చేతులు చాచినా ఏ స్తంభమూ తగలకుండా ఎంత ఖాళీ వదలాలో ముందే లెక్క వేస్తారు. ఆ లెక్క మించిన పొడుగరికి అది చాలదు. అందుకే కొన్ని ఆటల్లో ఆరడుగుల ఐదంగుళాలు దాటినవారిని రానివ్వరు.

గమనించండి, బరువొక్కటే లెక్క కాదు. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి గడి పడుతుంది, ఇంకొకరికి పడదు. ఒళ్లు ఎక్కడ ఎలా ఉందన్నదే ముఖ్యం.

ఇక్కడే సిగ్గు ప్రాణం మీదికి తెస్తుంది. 2013 జూలైలో అమెరికాలోని టెక్సాస్‌లో, మన తెలుగువాళ్లు ఎంతోమంది కాపురమున్న డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, ‘న్యూ టెక్సాస్ జెయింట్’ అనే కోస్టర్ మీంచి ఒక నడివయసు మహిళ జారిపడి చనిపోయింది. తన కమ్మీ సరిగా పడలేదేమోనని ఆవిడ ముందే అనుమానపడిందని అక్కడున్నవారు పత్రికలకి చెప్పారు. సెప్టెంబరులో మళ్లీ తెరిచినప్పుడు సీటు బెల్టులు చేర్చారు, ముందే కూర్చుని చూసుకునేందుకు బయట ఒక కుర్చీ పెట్టారు.

2022 మార్చిలో ఓర్లాండోలో ఇంకా ఘోరం. 430 అడుగుల స్తంభం మీంచి కిందికి వదిలే ఆట. బరువు పరిమితి సుమారు 130 కిలోలు. ఆరడుగులు దాటిన 14 ఏళ్ల కుర్రాడు, 170 కిలోలకు పైగా ఉన్నవాడు, ఎక్కాడు. ఆ కుర్చీ కమ్మీకీ సీటుకీ మధ్య మామూలు కంటే రెట్టింపు సందు ఉన్నా దీపం వెలిగేలా యంత్రాన్ని చేత్తో సవరించి ఉంచారని దర్యాప్తులో తేలింది. పిల్లవాడు పడిపోయాడు. ఆ రోజు ఎవరైనా “బాబూ, ఇది నీకు వద్దు” అని ఉంటే ఇంటికి వెళ్లేవాడు కదా!

అలాగని ఒళ్లు పెద్దదైన వాళ్లందరూ ఇంట్లో కూర్చోవాలా? అక్కర్లేదు. అదే ఓర్లాండోలో 2010లో యూనివర్సల్ పార్కువారు హారీ పాటర్ ఆట తెరిస్తే, పెద్ద ఒళ్లున్నవారెందరో పట్టక వెనక్కి వచ్చారు. అదే ఏడాది కొన్ని కుర్చీలు మార్చి మరికొందరికి వీలు కల్పించారు. సందు పెంచి దీపం వెలిగించడం వేరు, మనిషికి తగ్గ కుర్చీ చేయడం వేరు.

మనుషుల కొలతలూ స్థిరం కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఆహారపు లెక్కల కోసం ప్రమాణంగా తీసుకునే భారతీయ స్త్రీ బరువును 2020లో 50 నుంచి 55 కిలోలకు పెంచింది. పోషకాహారం లెక్కలే మారుతుంటే ఇనప కుర్చీల లెక్క మారకూడదా?

కాబట్టి ఈసారి పిల్లలతో పార్కుకి వెళ్లినప్పుడు టిక్కెట్టు కొనకముందే అడగండి: ఏ ఆటకి ఎంత ఎత్తు, ఎంత బరువు, కూర్చుని చూసుకునే కుర్చీ ఉందా అని. కమ్మీ పడ్డ చప్పుడు వినండి, కదిలించి చూడండి. అనుమానముంటే చెయ్యెత్తి దిగిపోండి. వెనక వరసలో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మీ పక్కన ఇంకో ఆవిడ ఇబ్బంది పడుతుంటే నవ్వకుండా, “రండి వదినా, మనిద్దరం జెయింట్ వీల్ ఎక్కుదాం” అనండి. అందులో తొట్టి పెద్దది, కాళ్లు చాపుకోవచ్చు, కబుర్లూ చెప్పుకోవచ్చు.