బండారి బొట్టు, పోలీసు రిజిస్టరు

జనగామనుండి చేర్యాలమీదుగా కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవు మార్గమున, సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారములయందు సాగు జనప్రవాహములో, తలపై బోనము, ముఖమున పచ్చని బండారి, చేత వేపమండలు ధరించి, డోలు మ్రోగినంతనే శిగమూగు శివసత్తులను చూడనివారుండరు. వారిలో స్త్రీలు పెక్కురు; పురుషదేహముతో పుట్టి, ఆ దేహము తమది కాదని చిన్ననాడే యెరిగి, చీర కట్టి, గాజులు తొడిగి, మల్లన్నకో ఎల్లమ్మకో అంకితమైనవారును కలరు. లింగభేదమును గూర్చి నేడు మనము పలుకు పరిభాష పల్లెకు చేరకమున్నే వారికొక పేరుండెను. అది చేయు పనిని బట్టి వచ్చిన పేరు. శివసత్తి ఆడదా, మగవాడా యని ఎవరును అడుగరు. పట్నము వేయు నాటికి వచ్చునా, రాదా యని మాత్రమే అడుగుదురు.

ఆ పనిని కొంచెము చెప్పవలెను. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో నేలపై పట్నమను ముగ్గు పరచి, మల్లన్నకు బలిజ మేడలమ్మతోను గొల్ల కేతమ్మతోను జరిగిన కల్యాణమును పాడుచుండగా, శివసత్తి పూనకమున ఊగి, బిడ్డ జ్వరమేల తగ్గదో, బాయిలో నీరేల ఇంకెనో అడుగవచ్చినవారికి వాక్కు చెప్పును. ఆ వాక్కు ఫలించునా యను తర్కము నాకక్కరలేదు. ఊరిలో మరెవరియెదుటను నోరు విప్పలేని ఇల్లాలికి కూర్చుండి యేడ్చుటకొక తావు దొరకినది, అదియే చాలును. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమున జన్మించిన చుక్క సత్తయ్య దేశఖ్యాతి గడించిపెట్టిన ఒగ్గుకథలోను మగవారు స్త్రీపాత్రలను ధరింతురు గాని, కథ ముగిసినంతనే వేషము విప్పుదురు. శివసత్తికి విప్పునది లేదు.

అయితే ఇదే నేలపై ఆ చీరయే నేరమైనది. నిజాం ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల చట్టమొకటి చేసి, వారి పేర్లకు ప్రత్యేకముగా రిజిస్టరు పెట్టించి, అందు నమోదైనవారు స్త్రీవస్త్రములతోగాని నగలతోగాని వీధిలో కనబడినచో, బహిరంగమున ఆడినను పాడినను, వారెంటు లేకయే పట్టుకొని రెండేండ్ల వరకు ఖైదు విధింపవచ్చునని శాసించెను. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థజాతుల చట్టమే దీనికి ఒరవడి. ప్రభువను అర్థముగల ఖ్వాజా యను మాటను చేర్చుకొని, అంతఃపురములలో ఖ్వాజాసరాలు గౌరవస్థానముల నలంకరించిన చరిత్ర గల రాజ్యముననే ఈ చట్టము పుట్టుట వింత. ఆ మాటయే తెలుగు పల్లెలలో కొజ్జా యను తిట్టుగా దిగజారినది.

నిజాము పోయెను, హైదరాబాదు రాష్ట్రము పోయెను, చట్టము మాత్రము నిలిచెను. ములుగు జిల్లా మేడారము జాతరలో, రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళకు సమ్మక్క గద్దెకు వచ్చునపుడు, జంపన్నవాగు ఒడ్డున హిజ్రాలును శివసత్తులును పోలీసుల కండ్లయెదుటనే చీరలతో ఆడుచుండిరి. ఆ వేళ రిజిస్టరును తలచినవారెవరు? జాతర ముగిసిన పిదప కథ వేరు. బోనమెత్తిన చేతులే మానుకోట మీదుగా పోవు రైళ్ళలో చప్పట్లు చరచి బిచ్చమడుగవలసివచ్చెను. ఊరు వారి సేవను కోరెనే గాని, వారికి ఇల్లు అద్దెకిచ్చుటకు వెనుదీసెను. ఈ రెండునాల్కల మర్యాదను మన సంస్కృతి గొప్పతనమని పొగడువారితో నేను ఏకీభవింపజాలను.

2014 ఏప్రిలులో సుప్రీంకోర్టు తృతీయలింగమును గుర్తించెను. 2018లో వైజయంతి వసంత మొగిలి ప్రభృతులు వేసిన వ్యాజ్యముపై 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ పాతచట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, ఆసరా పింఛను తృతీయలింగమువారికిని వర్తింపజేయవలెనని ఆదేశించెను. ఆ యేటి శాసనసభ ఎన్నికలకు వరంగల్లు సంఘసేవకురాలు ఓరుగంటి లైలా ఓటు ప్రచారకర్తగా నిలిచెను. 2024 డిసెంబరులో హైదరాబాదు కూడళ్ళలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరిరి. వీధిలో కనబడుటయే నేరమైనవారికి వీధియే కొలువైనది. ఇప్పుడు వీరికి నెలజీతము కలదు, పేరు గల గుర్తింపుకార్డు కలదు.

కొమురవెల్లి శివసత్తికి ఆ రెండును లేవు. శివరాత్రి పెద్దపట్నమునకు మాత్రము ఆమె రాకకై జనము దారిచ్చి నిలుచుందురు.