అద్దె ఆఫీసుకు హరిత ముద్ర ఎలా వచ్చింది?

హరిత భవనాలకు సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైన రోజుల్లో అద్దెదారు ఎవరి లెక్కలోనూ లేడు. 1990లో బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ తెచ్చిన ‘బ్రీమ్’ విధానం కొత్తగా కట్టబోయే ఆఫీసుల డిజైన్ చూసి మార్కులు వేసింది. 1993లో ఏర్పడిన అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ తెచ్చిన ‘లీడ్’ కూడా మొదట కొత్త కట్టడాల కోసమే. కిటికీల దిశ, గోడల మందం, ఏసీ కోసం నీటిని చల్లబరిచే చిల్లర్ సామర్థ్యం నిర్మాణంలోనే తేలిపోతాయి కాబట్టి అది సహజమే. అయితే పెద్ద నగరాల్లో ఆఫీసు కట్టేది ఒకరు, అందులో పనిచేసేది మరొకరు. మంచి చిల్లర్‌కు డబ్బు పెట్టాల్సింది యజమాని. కరెంటు బిల్లు తగ్గితే మిగిలేది అద్దెదారుకు. అద్దెదారు పొదుపు చేసినా, చదరపు అడుగుల లెక్కన పంచే మెయింటెనెన్స్ చార్జీలో ఆ పొదుపు కలిసిపోతుంది. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిది అయినచోట ఇద్దరూ ముందుకు రారు. అద్దెదారుకు విడిగా సర్టిఫికెట్ అవసరమైంది ఈ చిక్కు వల్లనే.

దీనికి రెండు దారులు పడ్డాయి. 2004లో లీడ్ ‘కమర్షియల్ ఇంటీరియర్స్’ అనే విభాగం తెరిచింది. అద్దెకు తీసుకున్న అంతస్తులో పెట్టే లైట్లు, కుళాయిలు, కార్పెట్లు, రంగులు, ఫర్నిచర్, బస్సుకో రైలుకో ఆ చోటు ఎంత దగ్గరన్నదీ ఇందులో మార్కులకు వస్తాయి. ఆస్ట్రేలియా మాత్రం మీటరును నమ్ముకుంది. 1990ల చివర న్యూ సౌత్ వేల్స్‌లో మొదలై, తర్వాత ‘నేబర్స్’గా పేరు మారిన రేటింగ్ పన్నెండు నెలల వాస్తవ వాడకాన్ని చూసి నక్షత్రాలు ఇస్తుంది. దాని గొప్పతనమంతా బిల్లును విడదీయడంలో ఉంది: సెంట్రల్ ఏసీ, లిఫ్టులు, వరండా దీపాలు యజమాని ఖాతాలోకి, అంతస్తు లోపలి లైట్లు, కంప్యూటర్లు అద్దెదారు ఖాతాలోకి. ఎవరి రేటింగ్ వారిదే. అదీ ఏడాదికే చెల్లుతుంది. 2010లో అక్కడ చట్టమే వచ్చింది. 2,000 చదరపు మీటర్లు, అంతకు మించిన ఆఫీసు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ప్రకటనలోనే రేటింగ్ చూపాలి. 2017లో ఆ పరిమితిని 1,000కి దించారు.

నా దృష్టిలో సరైన దారి రెండోదే. 2008లో అమెరికాలోని న్యూ బిల్డింగ్స్ ఇన్‌స్టిట్యూట్ 121 లీడ్ భవనాల బిల్లులు పరిశీలిస్తే సగటున పొదుపు కనిపించింది, కానీ భవనానికీ భవనానికీ తేడా విపరీతం. కొన్ని డిజైన్‌లో చెప్పినదానికంటే చాలా ఎక్కువ వాడాయి. మన దగ్గరికి వస్తే, హరిత భవనాల చరిత్రలో హైదరాబాద్ స్థానం చిన్నది కాదు. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా వెలుపల లీడ్‌లో అత్యున్నత స్థాయి అయిన ప్లాటినం పొందిన తొలి కట్టడం. అయితే అది కట్టినవారే వాడుకుంటున్న భవనం. చుట్టూ పెరిగిన హైటెక్ సిటీ, గచ్చిబౌలిలలో అంతస్తులు అద్దెకు నడుస్తాయి. 2001లో ఏర్పడిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్‌కు ఇంటీరియర్స్ రేటింగ్ ఉంది. 2009లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఆఫీసులకు తెచ్చిన స్టార్ లేబుల్ వాస్తవ వాడకాన్నే కొలుస్తుంది, కాకపోతే భవనం మొత్తానికి. అంతస్తు లెక్క విడిగా తేలాలి.

మూడు షిఫ్టులు నడిపే కంపెనీని మీటరు దోషిగా నిలబెడుతుందని కొందరు అంటారు. పనిగంటలు, కంప్యూటర్ల సంఖ్య, ఊరి వాతావరణం లెక్కలోకి తీసుకునే నేబర్స్ దానికి జవాబు. చిల్లర్ యజమాని చేతిలో ఉండగా అద్దెదారు చేయగలిగేదేముందన్నది ఇంకా బలమైన ప్రశ్న. నిజమే, చిల్లర్‌ను ఆయన మార్చలేడు. కానీ ఏ భవనంలో దిగాలో ఎంచుకునేది ఆయనే. సంతకం పెట్టేముందు ఆయన అడిగిన ప్రశ్నకు ఉన్న బలం, దిగిన తర్వాత రాసిన పది ఉత్తరాలకు ఉండదు. మీటరుకు గాలి నాణ్యత, రంగుల్లోని రసాయనాలు తెలియవన్నదీ ఒప్పుకోవాల్సిందే. వాటికి ఇంటీరియర్స్ రేటింగ్ కావాలి. అది మీటరుకు తోడుగా రావాలి తప్ప బదులుగా కాదు. కనుక ఆఫీసు కోసం వెతికే కంపెనీలకు ఒక విన్నపం: లాబీలో వేలాడే ప్లాటినం ఫలకం చూసి ఆగకండి. గత పన్నెండు నెలల కరెంటు లెక్క చూపమనండి, మీ అంతస్తుకు విడి మీటరు పెట్టే షరతును లీజులోనే రాయించుకోండి.