పచారీ చీటీలో సేరు

నెల వంటలన్నియు తలచి ఇల్లాలు వ్రాయించు పచారీ చీటీకి తూకమే ప్రాణము. మదరాసు రాజధాని తెలుగు జిల్లాలలో 3 తులములు పలము, 8 పలములు సేరు, 5 సేర్లు వీసె. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరినవారి చీటీ తడబడు చోటు ఇదియే. అచ్చటి సేరు 80 తులములు! కందిపప్పు మూడింతలు మించి వచ్చినను పైనెలకు పనికివచ్చును. ఆవకాయ సంగతి వేరు. మామిడికాయలు లెక్కకు, ఉప్పుకారములు తూకమునకు. సేరు మారినచో పాళ్లన్నియు చెడును.

1956 నాటి శాసనము ననుసరించి 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా ప్రవేశించెను. 1962లో కిలోగ్రాము దేశమంతటికిని నియతమయ్యెను. వీసె సుమారు 1,400 గ్రాములు, మన సేరు 280. ఈ లెక్కతో చీటీని తిరుగవ్రాయుట సులువే. అంగడి మారినను గిద్ద, సోల, తవ్వలు మాత్రము వంటింట నూనెను, బియ్యమును కొలుచుచునే యుండినవి.